జిడ్డు మీద పూత

సీతారాములు చేతులు కడుక్కునే తీరు చూస్తే చాలు, ఆయన ఎట్లాంటి మనిషో తెలిసిపోతుంది. ముందు డీజిల్‌తో తోముకుంటాడు. తర్వాత రంపపు పొట్టులో సర్ఫు కలిపి మోచేతుల దాకా రుద్దుకుంటాడు. ఆ తర్వాత సబ్బు. మూడు నీళ్లు అయ్యాక చేయి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తాడు. వాసన పోలేదంటే మళ్లీ మొదటికి.

కంచం పెట్టి కూర్చున్న భార్య మంజులకు ఓపిక నశిస్తుంది. "పెండ్లికి పోతున్నవా, ఇంత గనం కడుగుతున్నవ్? కూర సల్లగయితాంది."

"జిడ్డు చేత్తోని తింటనా?"

"ఇన్నేండ్లసంది కడుగుతున్నవ్. ఇంక పోలేదంటే గది జిడ్డు కాదు, తోలే."

మోత్కూర్‌లో వడ్ల మార్కెట్ దాటాక రోడ్డు పక్కన ఆయన షెడ్డు. పైన రేకులు, కింద నల్లబడ్డ నేల, గోడకు వేలాడే పానాలు. బోర్డు లేదు. ఒకప్పుడు ఉన్న బోర్డు ఎండకు వెలిసిపోతే మళ్లీ రాయించలేదు. "పని తెలిసినోడు అడుక్కుంట వస్తడు. తెలువనోడు బోర్డు సూసి వస్తడు. గసొంటోడు నాకెందుకు" అంటాడు.

రంగన్నా, పూతన్నా ఆయనకు మొదటి నుంచీ అనుమానమే. గుంతలోని దుమ్ము ఊడ్వకుండా తారు పోసిన రోడ్డును చూస్తే రోత. తుప్పు గీకకుండా ఎర్ర రంగు వేసుకొచ్చిన ట్రాలీని చూస్తే రోత. పెచ్చులూడిన బడి గోడకు ఓట్లప్పుడు సున్నం కొడుతుంటే, ఆ దారిన పోవడమే మానుకున్నాడు. కొత్త జిల్లాలు వచ్చి మోత్కూర్ నల్లగొండలోంచి యాదాద్రిలోకి పోయినప్పుడు, ఊళ్లో దుకాణాల బోర్డుల మీద పాత పేరును గీకకుండా దాని మీదే కొత్త పేరు రాయించారు. రెండు వానలకు కొత్త రంగు వెలిసి కింది నుంచి నల్లగొండ తొంగి చూసింది. ఆ ఒక్క రోజు మాత్రం ఆయన రోడ్డు మీద నిలబడి కడుపార నవ్వాడు.

ఇదంతా మగ్గం గుంత దగ్గర అంటిన గుణం. వాళ్లది నేతిల్లు. చుట్టలు కట్టిన చిలప నూలు ఇంటికి రాగానే బాపు దాన్ని తొట్టిలో నానేసేవాడు. మూడు రోజులు నానాలి. పొద్దూ మాపూ కాళ్లతో తొక్కాలి. దూదికి పుట్టుకతోనే ఒక జిడ్డు ఉంటుంది. అది నీళ్లలోకి దిగిపోతే తప్ప నూలు గంజి తాగదు. గంజి తాగని దారం మగ్గం మీద నిలవదు. ఇంటి ముందు వాడ పొడుగునా పడుగు చాపి, కుంచెతో గంజి పట్టించేటప్పుడు బాపు రెండు వేళ్ల మధ్య దారాన్ని నలిపి చూసేవాడు. పొడి రాలిందంటే పని చెడినట్టే. "తాగింది గంజి. పైన నిలిచింది బూడిద" అనేవాడు.

పక్కింటాయన ఒక ఏడు తొందరపడి, ఒక్క రోజే నానేసి గంజి పెట్టాడు. పైకి పడుగు తళతళలాడింది. మగ్గం ఎక్కాక నాలుగో రోజుకల్లా గుంత నిండా తెల్లటి పొడి, అచ్చు మీద తెగిన దారాలు. ఆ మనిషి మొత్తం పడుగును కోసి అవతల పారేసి, రెండు రోజులు వాడలో ఎవరికీ మొఖం చూపలేదు. సీతారాములు చదివిన చదువేమన్నా ఉంటే అదే.

మగ్గం కూడు పెట్టని కాలంలో సికింద్రాబాద్ పోయి డీజిల్ షెడ్డులో పదకొండేండ్లు పని నేర్చుకున్నాడు. తిరిగొచ్చి సొంతంగా రేకులు వేసుకున్నాడు. అప్పట్లో బావి మోటార్లు, జీపులు, ఒకటో రెండో ట్రాక్టర్లు. తెలంగాణ వచ్చి, కాలువల్లో నీళ్లు పారి, చెలకలు వరి మళ్లయ్యాక ఊరూరా కోత మిషన్లు దిగాయి. యాసంగి కోతలప్పుడు ఆయన షెడ్డు ముందు మిషన్లు దవాఖాన ముందు రోగుల్లా వరస కట్టేవి.

ఆ మిషన్లలో ఒకటి కమలాకర్‌ది. అంటే వాళ్లమ్మ నర్సింగమ్మది. పెనిమిటి పోయాక, ఉన్న రెండెకరాల్లో కడుపు నిండదని తేల్చుకుని, పాత కోత మిషన్ ఒకటి కొని కొడుకును దాని మీద కూర్చోబెట్టింది. మిషన్ ఊరూరా తిరిగితే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. ఆగితే ఆరుతుంది. వాళ్ల లెక్క అంత సాదా.

వానాకాలం కోతలు అయిపోయే ముందు ఆ మిషన్ ఆగింది. ట్రాక్టర్‌తో గుంజుకొచ్చి షెడ్డు ముందు పెట్టాడు కమలాకర్.

"మామా, ఇంజిన్ పట్టేసింది."

సీతారాములు ఇంజిన్ జోలికే పోలేదు. రేడియేటర్ ఊడదీసి, నేల మీద బోర్లించి, కట్టెతో నాలుగు దెబ్బలు వేశాడు. వరి పొట్టు, గడ్డి నలుసు, ఎండిన పురుగులు కుప్పగా రాలాయి.

"ఇది రేడియేటరా, వడ్ల గుమ్మియా?"

"పొద్దున్నే గాలి కొట్టి సాఫ్ చేస్తున్న మామా."

"ఎన్ని దినాలకొక పొద్దున?"

కమలాకర్ రోడ్డు మీద పోయే బస్సు వైపు చూశాడు.

"పొట్టు పోకుండ జాలి ఉండాలె గద, గదేది?"

"చినిగింది. తీసేసిన."

ఇంజిన్ విప్పితే ఆరు పిస్టన్లలో రెండు కరిగి లైనర్లకు అతుక్కుని ఉన్నాయి. లైనర్ అంటే పిస్టన్ ఆడే ఇనుప గొట్టం. దాని నున్నదనమే ఇంజిన్ ప్రాణం. అందులో గోరు దిగేంత గీతలు. చూడగానే సీతారాములు మొఖం ముడుచుకుంది. చెడిన ఇంజిన్ మీద ఆయనకు ఎప్పుడూ కోపం రాదు. మురికిలో ఊపిరాడక చచ్చిన ఇంజిన్‌ను చూస్తే మాత్రం, నీళ్లు పెట్టక చంపిన ఎడ్లను చూసినట్టే ఉంటుంది.

"కొత్త పిస్టన్లు, కొత్త లైనర్లు వేస్త. జాలి గట్టిది కట్టిస్త. నువ్వు పొద్దూ పగటీలి రెండు మాట్ల దిగి పొట్టు దులుపు. గింతే" అన్నాడు.

కమలాకర్‌కు ఆ 'గింతే' నచ్చలేదు. పగటీలి ఎండలో ఇంజిన్ ఆపి, మెడలో దురద పెట్టే పొట్టును దులపడం ఎవరికి ఇష్టం? దిగకుండా పనయ్యే ఉపాయం కావాలి. వారం తిరగకుండా ఆ ఉపాయం తెల్లచొక్కా తొడుక్కుని షెడ్డుకు వచ్చింది. పేరు విజేందర్. హైదరాబాద్‌లో ఇంజిన్ సామాన్లకు పూతలు వేసే ఒక షెడ్డు తరఫున ఊళ్లు తిరుగుతాడు. మఖ్మల్ సంచీలోంచి ఒక పిస్టన్ తీసి బల్ల మీద పెట్టాడు. దాని నెత్తి తెల్లగా, సున్నం పూసినట్టుంది.

"అంకుల్, ఇది సిరామిక్. విమానాల ఇంజిన్లల్ల వాడే పూత. మంట వేడి లోహానికి దిగనియ్యదు. ఇగ పిస్టన్ కరుగుడనే ముచ్చటే ఉండది."

మేస్త్రీ అంటే పలుకుతాడు, మామా అంటే పలుకుతాడు. అంకుల్ అంటే మాత్రం సీతారాములుకు చెవిలో పొట్టు పడ్డట్టుంటుంది.

"విమానం పొలంల దిగి వరి కోస్తదా బాబూ?"

"అంకుల్ జోకులు మంచిగేస్తరు."

"జోకు గాదు. వేడి పిస్టన్ల దిగకపోతే ఏడికి పోతది?"

"పొగ గొట్టంల కెల్లి బయటికి పోతది."

"అంతా పోతదా? మిగిలింది లైనర్ మీద పడ్తది, నీళ్ల మీద పడ్తది. రేడియేటర్ బందయి ఉంటే గా నీళ్లు మరుగుడు నీ పూత ఆపుతదా?"

విజేందర్ ఫోన్ తీసి వీడియో పెట్టాడు. పూత పూసిన రేకుకు ఒక దిక్కు గ్యాసు మంట, రెండో దిక్కు ఎవరిదో అరచేయి. కమలాకర్ దాన్ని మూడు సార్లు చూశాడు.

"చూసినవా మామా, చెయ్యి కాలుతలేదు!"

"ఇంజిన్‌కు జ్వరమొస్తే దుప్పటి కప్పుమంటడు ఈయన. ముక్కుల పెట్టుకున్న గుడ్డ తియ్యుర అంటున్న నేను. నీ ఇష్టం" అన్నాడు సీతారాములు.

నిజానికి పూత అబద్ధం కాదని ఆయనకు తెలుసు. సికింద్రాబాద్‌లో ఉన్నప్పుడు, విమానాల పని చేసి రిటైరైన ఒకాయన జీపు బాగు చేయించుకోవడానికి వచ్చేవాడు. స్టూలు మీద కూర్చుని గంటలు గంటలు చెప్పేవాడు. విమానం ఇంజిన్‌లో మంట, లోహం కరిగే వేడిని దాటిపోతుందట. గోరంత మందం కూడా లేని ఆ తెల్లటి పొర, లోపలి నుంచి ఊదే చల్లగాలి, రెండూ కలిసి ఇంజిన్ లోపల తిరిగే రెక్కలను కరగకుండా కాపాడతాయట. అక్కడ ఆ పొర లేకపోతే బండి గాలిలోకి లేవదు. అక్కడ పూత పనిమంతురాలే. పందేలకు ఉరికే బండ్లలోనూ అక్కరకొస్తుందేమో. కోత మిషన్ మంట అంత ఎత్తుకు పోదు. రేడియేటర్ శుభ్రంగా ఉండి, డీజిల్ సరిగ్గా చిమ్మితే ఉత్త పిస్టన్ పదేండ్లు ఆడుతుంది. పూతతో మిగిలే డీజిల్ ఇంజిన్ పూర్తి బరువు మీద ఉన్నప్పుడు ఏ కొంచెమో. ఆ కొంచెం కోసం, తేడా వస్తే గాజు పెంకుల్లా రాలే వస్తువును లైనర్ నోట్లో పెట్టడం ఆయనకు తెలివి అనిపించలేదు. ఊడ్చే పని తప్పించుకోవడానికి పూసే పూత మీదే ఆయన రోత.

కమలాకర్ వినలేదు. చివరికి నర్సింగమ్మే వచ్చింది. పీట మీద కూర్చుని, కొంగుతో మొఖం తుడుచుకుని అన్నది:

"అన్నా, నీకు ఇష్టం లేదని తెలుసు. పోరనికి గదే పట్టింది. అది లేకుంటే మిషన్ ఎక్కనంటాండు. జర పెట్టియ్యి. యాసంగి దాటితే నాకు సాలు."

ఆమె అట్లా అడిగితే సీతారాములు కాదనలేకపోయాడు. "దాటిస్త చెల్లె. నా చేతుల మీదికెల్లి పోయిన ఇంజిన్ నడిమిట్ల ఆగది" అన్నాడు. మాట నోట్లోంచి వచ్చాక గానీ, తనకు నమ్మకం లేని వస్తువు మీద మాట ఇచ్చానని తెలియలేదు.

కొత్త పిస్టన్లు వచ్చాయి. పూతకు తీసుకుపోయే రోజు విజేందర్ ఫోన్ చేసి ఒక్కటే చెప్పాడు: "అంకుల్, చుక్క ఆయిల్ తగలొద్దు." ఆ మాట ఆయనకు కొత్త కాదు, ఆయనవి తొట్టిలో నూలు తొక్కిన కాళ్లు. ఆరు పిస్టన్లనూ తన చేతులు కడుక్కున్నట్టే మూడు నీళ్లు కడిగాడు. ఉతికిన పంచె పరిచి, వాటిని దాని మీద వరసగా పెట్టాడు. అప్పుడే లోహం చెక్కే లేత్ నుంచి దిగినట్టు వాటి నెత్తిన సన్నటి గుండ్రని గీతలు మెరుస్తున్నాయి. నడుమ గిన్నెలాగా గుంత, చుట్టూ వెడల్పైన అంచు.

అప్పుడు వచ్చింది నర్సింగమ్మ. చేతిలో చిన్న ఇత్తడి గిన్నె. నీళ్లు కలిపిన పసుపు లోహానికి అంటదని, మంచినూనెతో కలిపి తెచ్చింది. ముసలి కండ్లకు పిస్టన్లు కొత్త కుండల్లాగానే కనిపించి ఉంటాయి. ఒక్కొక్కదాని ముందు వంగి, నెత్తి మీది గుంత అంచు చుట్టూ మూడు దిక్కులా మూడు బొట్లు పెట్టింది. పసుపు మీద కుంకుమ. పెదవులు కదులుతున్నాయి. ఇంటి దేవత పేరేదో చెప్పుకుంటోంది.

సీతారాములు నాలుగడుగుల దూరంలో నిలబడి చూశాడు. 'చెల్లె, నూనె!' అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. వచ్చి ఆగింది.

ఎందుకు ఆగిందో అప్పుడే ఒక సాకు దొరికింది. పూత వేసే ముందు ఇసుకను గాలితో జోరుగా కొట్టి లోహాన్ని గరుకు చేయాలి. పూత పట్టేది ఆ గరుకుకే. ఇసుక దెబ్బకు నూనె ఏంది, పసుపు ఏంది, పై తోలే లేస్తుంది. వాళ్లు ఎట్లాగూ ఇసుక కొడతారు, ఆమె మనసు ఎందుకు నొప్పించాలి అనుకున్నాడు. ఆ సాకును పట్టుకుని ఆ రోజు పొద్దంతా పని చేశాడు. పిస్టన్లు బొట్లతోనే హైదరాబాద్ పోయాయి.

పది రోజులకు తెల్లటి నెత్తులతో తిరిగొచ్చాయి. ఇంజిన్ కూర్చి, గట్టి జాలి కట్టి, ఒక పొద్దంతా నడిపి చూసి పంపాడు. శబ్దం సాఫుగానే ఉంది. కమలాకర్ మిషన్ మీద కూర్చుని, "మామా, ఇగ విమానమే!" అని అరిచి పోయాడు.

కోతలు మొదలైన పదకొండో రోజు ఆలేరు దిక్కు ఒక ఊరి నుంచి ఫోన్. "మామా, నీలం పొగ పోతాంది. గుంజుడు లేదు. కడకడ సప్పుడు."

"బంద్ చెయ్యి. ఇంకొక అడుగు నడిపినవంటే సచ్చినంత ఒట్టు."

రెండో రోజు మిషన్ షెడ్డు ముందుకు వచ్చింది. కమలాకర్ ముందే విజేందర్‌ను పిలిపించాడు. విజేందర్ వచ్చీ రాగానే, "ఫిట్టింగ్‌ల తేడా ఉంటది అంకుల్. మా పూతకు ఇంతవరకు కంప్లెంట్ రాలె" అన్నాడు. కమలాకర్ కూడా అటే ఉన్నాడని వాడు నిలబడ్డ తీరే చెప్తోంది. నర్సింగమ్మ పీట మీద కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తోంది. రోడ్డు మీద వేరేవాళ్ల కోత మిషన్లు పోతున్నాయి. ఒక్కోటి పోయినప్పుడల్లా ఆమె తల అటు తిరుగుతోంది.

హెడ్ విప్పాడు. లైనర్ల నిండా మళ్లీ గీతలు. పిస్టన్లు ఒక్కోటీ తీసి గుడ్డతో మసి తుడిచాడు. మొదటిదాని మీద పూత మూడు చోట్ల లేచిపోయింది. సరే అనుకున్నాడు. రెండోదాని మీదా మూడు చోట్లే. మూడోదాని దగ్గర ఆయన చేయి ఆగింది. గుంత అంచు చుట్టూ మూడు దిక్కులా, బొటనవేలు మందాన, గుండ్రంగా. ఆరింటి మీదా అంతే. మిగతా చోట పూత ఇంకా అతుక్కునే ఉంది.

పూత నర్సింగమ్మ వేలిముద్రలు పోల్చుకుని మరీ రాలింది.

విజేందర్ కూడా చూశాడు. వాడికి మొదట అర్థం కాలేదు. తర్వాత నర్సింగమ్మ పసుపు మరకల వేళ్ల వైపు, పిస్టన్ వైపు చూసి మొఖం వెలిగిపోయింది.

"ఆంటీ, పసుపు పెట్టిన్రా? నూనెతోనా? అయిపాయె! అంకుల్, నేను చెప్పిన గద ఫోన్‌ల, చుక్క ఆయిల్ తగలొద్దని. మా తప్పేముంది ఇండ్ల? దేవుని పేరు మీద ఇంజిన్‌ను మీరే..." అంటూ నవ్వాడు.

ఆ నవ్వు చూసిన రోత సీతారాములుకు చచ్చేదాకా పోదు.

"నవ్వు బంద్ చేసి ఇటు రా" అన్నాడు. "కమలాకర్, నువ్వు గూడ రా. పూత లేచినకాడ గోరు పెట్టి గీకు. ఏం తగులుతాంది?"

"సన్నటి గీతలు తగులుతున్నయి మామా. గుండ్రంగ."

"గవి లేత్ గీతలు. పిస్టన్ పుట్టినప్పటియి. ఇసుక కొడితే గవి ఉంటయా? రోట్లె దంచినట్టు గరుకు గావాలె. ఇసుక కొడితే పసుపు ఉంటదా, నూనె ఉంటదా? వీళ్లు ఇసుకే కొట్టలె. పసుపు కండ్ల ముంగట కనబడ్తాంటె దాని మీదనే పూత కొట్టి పంపిన్రు. కండ్లున్నోడు ఎవడన్న ఉన్నడా బాబూ మీ షెడ్డుల?"

విజేందర్ పిస్టన్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "సీజన్ల జర రష్ ఉంటది అంకుల్... పోరలు తొందర్ల... నేను మాట్లాడ్త. మల్ల ఫ్రీగ కొట్టిస్త."

"ఫ్రీగనా?" అన్నాడు కమలాకర్. "ఫ్రీ అంటున్నడు గద మామా..."

సీతారాములు పక్కకు తిరిగి ఉమ్మాడు. ఇంజిన్ రెండు సార్లు చచ్చింది. వీడికి ఇంకా పూతే కావాలి, ఊరికే వస్తే చాలు. ఇసుక కొట్టనివాడికి సిగ్గు లేదు, పొట్టు దులపనివాడికి బుద్ధి రాలేదు. ఇద్దరినీ చెరో చేత్తో పట్టి తొట్టిలో మూడు రోజులు నానేయాలనిపించింది.

అప్పుడు నర్సింగమ్మ మాట్లాడింది. "నేను చెయ్యి పెట్టిన కాడనే పోయిందా అన్నా?"

ఆ గొంతు విన్నాక, విజేందర్ మీద పుట్టిన రోత అంతా తిరిగి తన మీదికే మళ్లింది. ఇక్కడితో ఊరుకుంటే గెలిచినట్టే. ఇసుక కొట్టనివాడిదే తప్పని అందరి ముందూ తేలింది. ఊరంతా ఆయన మాటే నిజమైందని చెప్పుకుంటుంది. కానీ ఈ ముసలామె బతికినంత కాలం తన చేతి బొట్టు ఇంజిన్‌ను మింగిందనే అనుకుంటుంది.

"నీ చెయ్యి కాదు చెల్లె. నువ్వు పెడుతున్నప్పుడు నేను ఈడ్నే ఉన్న. నూనె తగిలితే పూత నిలువదని నాకు ఎరుకే. చూసిన. చూసి ఊకున్న."

"ఎందుకు?"

సాకు నోటి దగ్గరే ఉంది. ఇసుక కొడతారనుకున్నా, నీ మనసు నొస్తుందనుకున్నా. రెండూ సగం నిజాలే. జిడ్డు మీద పూసిన పూతలు.

"పూత పోవాలని ఉండె" అన్నాడు.

నర్సింగమ్మ ఆయన మొఖాన్ని, ఎప్పుడూ చూడని మనిషి మొఖాన్ని చూసినట్టు చూసింది.

"నీ మాట గెలువాలంటే నా ఇంజిన్ పోవాల్నా అన్నా?"

కమలాకర్ ఎగిరాడు. "ఎరికుండి చేసినవా మామా? పెద్దమనిషివని నమ్మితే..." ఇంకా ఏమేమో అన్నాడు. విజేందర్ సందు చూసుకుని, మఖ్మల్ సంచీ చంకలో పెట్టుకుని జారుకున్నాడు. పోతూ పోతూ, "తర్వాత కలుస్త అంకుల్" అన్నాడు.

ఆ రోజు సీతారాములు మిగతా పనులన్నీ పక్కన పెట్టాడు. వరసలో ఉన్న మిషన్లవాళ్లు తిట్టుకుంటూ వేరే షెడ్డుకు పోయారు. ఉత్త పిస్టన్లు, కొత్త లైనర్లు తెచ్చి ఐదు రోజుల్లో ఇంజిన్ నిలబెట్టాడు. మంజుల అన్నం షెడ్డుకే తెచ్చేది. జరిగిందంతా విని, "నోరు తెరువాల్సిన కాడ తెరువవు. కూర సల్లగయిందంటె మాత్రం ఇంత నోరు" అని ఒక్క మాట అని ఊరుకుంది.

మిషన్ పోయే రోజు నర్సింగమ్మ కొడుకుతో పాటు వచ్చింది. కొంగున పసుపు కుంకుమ మూట ఉంది, కనిపిస్తూనే ఉంది. ఇంజిన్ చుట్టూ ఒకసారి తిరిగింది. మూట విప్పలేదు.

"ట్యాంకు మీద పెట్టు చెల్లె. జాలి మీద పెట్టు. ఏం గాదు" అన్నాడు సీతారాములు.

"వద్దులే. ఏడ పెడితే ఏమైతదో, నాకేం ఎరుక. ఎరుకున్నోళ్లు చెప్పరు."

తర్వాత కమలాకర్ పక్కన మిషన్ ఎక్కి కూర్చుంది. ఆ యాసంగి మిగిలిన రోజులన్నీ ఆమె మిషన్ వెంటే తిరిగిందని, పొద్దూ పగటీలి ఇంజిన్ ఆపించి, తలకు తువ్వాల చుట్టుకుని రేడియేటర్ పొట్టు తానే దులిపిందని చూసినవాళ్లు వచ్చి చెప్పారు. పోయిన వారం రోజులు పోగా, ఇంజిన్ యాసంగి దాటింది. ఆయన ఇచ్చిన మాట నిలబడ్డట్టే లెక్క. ఆ లెక్క ఆయనకు రుచించలేదు. మూడు బొట్ల పిస్టన్ ఒకటి కిటికీలో పెట్టుకున్నాడు. ఎవరన్నా ఇంజిన్‌కు పూత వేయించుదామా అని అడిగితే దాన్ని చేతికిచ్చి, ముందు రేడియేటర్ చూపించుమంటాడు. బొట్ల సంగతి అడిగితే, "నా తప్పు" అని మాత్రం చెప్తాడు. చాలామంది అది పెద్దమనిషి తరహా అనుకుని పోతారు. అది మరీ రోత ఆయనకు.

దసరా నాడు షెడ్డులో పానాలన్నీ తుడిచి పెట్టి, మంజుల పళ్లెంలో పసుపు కుంకుమ కలిపి తెచ్చింది. వానాకాలం కోతలకు ముందు నూనె మార్పించాలని కమలాకర్ మిషన్ కూడా వచ్చి ఉంది, వెంట వచ్చిన నర్సింగమ్మ పీట మీద కూర్చుంది. రోడ్డు మీద పోయే ట్రాక్టర్లు, ఆటోలు, లారీలు అన్నిటికీ బంతిపూల దండలు, బొట్లు. ఈ మిషన్‌కే ఏమీ లేదు. ఉత్త పచ్చ రంగు.

సీతారాములు మంజుల చేతిలోని పళ్లెం తీసుకుని నర్సింగమ్మ ముందుకు పోయాడు. పళ్లెం చాపి నిలబడ్డాడు.

ఆమె పళ్లెం వైపు చూసింది, ఆయన వైపు చూసింది. పీట మరింత దగ్గరికి జరుపుకుని కూర్చుంది.

"నువ్వే పెట్టు అన్నా. నేను ఈడ కూసుండి చూస్త. తప్పయితే చెప్త. నీ తీరుగ ఊకోను."

కమలాకర్ ఫక్కున నవ్వాడు. మంజుల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సీతారాములు నవ్వలేదు. పళ్లెం జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, "చేతులు కడుక్కొనొస్త" అని వెనకకు పోయాడు.

డీజిల్ డబ్బా మూత తీసిన చప్పుడు వినిపించింది. తర్వాత రంపపు పొట్టు రుద్దుతున్న చప్పుడు. తర్వాత నీళ్లు. మళ్లీ డీజిల్ డబ్బా మూత.

"ఇగ అయినట్టే" అన్నది మంజుల.

నర్సింగమ్మ పీట మీద నుంచి కదలలేదు. ఎదురుచూస్తోంది.